కొండబడిలో ఏడాది

పసిబిడ్డ బడిలో అడుగుపెట్టిన తొలి సంవత్సరం ఆ బిడ్డకు రెండో పుట్టుక వంటిది. ఇల్లు, వాకిలి, అమ్మ కొంగు తప్ప మరేమీ ఎరుగని చిన్నారి అక్షరమనే కొత్త లోకంలో ప్రవేశిస్తుంది. ఆ లోకం తనను ఏ భాషలో పలకరిస్తుందన్న ప్రశ్న మైదాన ప్రాంతపు తెలుగు బిడ్డకు ఎదురుకాదు. ఇంట విన్న మాటే బడిలోనూ వినిపిస్తుంది. తూర్పు కనుమలలో పుట్టిన గిరిజన బిడ్డ స్థితి వేరు. ఆ బిడ్డకు అక్షరమూ కొత్తే, అది పలికే భాషా కొత్తే. ఇంటర్మీడియట్ విద్యార్థులు ద్వితీయ భాషగా చదివే తెలుగు, ఆ చిన్నారికి ఒకటో తరగతిలోనే ద్వితీయ భాష.

పాడేరు నుంచి అరకులోయకు పోయే దారిలో హుకుంపేట ఉంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం, 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. కొండల వాలున మెట్లు మెట్లుగా దిగే పొలాలు, వాటి నడుమ పారే గెడ్డలు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలు ఈ సీమకు అందాన్నిస్తాయి. గ్రామాలు చిన్నవి, దూరదూరంగా కొండలపై చెదిరి ఉంటాయి. అనేక గ్రామాలలో బడి అంటే ఒకటి రెండు గదులు, ఒకరిద్దరు ఉపాధ్యాయులు.

ఈ మన్యం భాషల పుట్టిల్లు. కువి, కొండ భాషలు ద్రావిడ కుటుంబానికి చెందినవి. వేర్వేరు తెగల వారిని కలిపే వారధిగా సంతలో వినిపించే ఆదివాసీ ఒరియా ఆర్యభాషా కుటుంబంలోనిది. గదబలలో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానికి చెందినది. ఇంత చిన్న సీమలో మూడు భాషా కుటుంబాలు ఇరుగుపొరుగులై ఉండటం విశేషం. అరకు ప్రాంతపు కొండ భాషను పరిశోధించి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో గ్రంథం వెలువరించారు. తెలుగులో 'ఏరు' అంటే ప్రవాహం. కొండ భాషలో 'ఏరు' అంటే నీరు. కొండ మీది మాటకూ, కొండ కింది మాటకూ ఉన్న చుట్టరికం ఇటువంటి చోట్ల బయటపడుతుంది.

జూన్ నెలలో తొలకరితో పాటే బడి తెరుస్తారు. కొత్తగా చేరిన బిడ్డ ముందు వాచకం ఉంటుంది. 'ఒ' అక్షరం పక్కన ఒంటె బొమ్మ, 'ఓ' అక్షరం పక్కన ఓడ బొమ్మ. ఆ బిడ్డ ఒంటెను చూడలేదు, ఓడను ఎక్కలేదు. బొమ్మ చూసి మాటను, మాట పట్టుకొని అక్షరాన్ని గుర్తించాలన్నది వాచకం ఉద్దేశం. బొమ్మే తెలియనప్పుడు, మాటే విననప్పుడు అక్షరం ఉత్త గీతగా మిగిలిపోతుంది. ఉపాధ్యాయుడు ప్రశ్నిస్తే బిడ్డ మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని మందబుద్ధిగా భావించడం సులభం. నిజానికి అదే బిడ్డ బడి దాటగానే ఏ చెట్టు ఆకు విస్తరికి పనికివస్తుందో, ఏ పుట్టగొడుగు తినరాదో, గెడ్డను ఎక్కడ దాటాలో ధారాళంగా చెప్పగలదు. లోపం బిడ్డ తెలివిలో లేదు, ప్రశ్న అడిగిన భాషలో ఉంది.

ఈ సత్యాన్ని గుర్తించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్యకు శ్రీకారం చుట్టింది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలలో వాచకాలు సిద్ధమయ్యాయి. ఆయా భాషల వారే కథలు, పాటలు, పొడుపుకథలు సమకూర్చారు. ఆ వాచకాలను తెలుగు లిపిలోనే ముద్రించారు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. చదవడమనే విద్యను మనిషి ఒకేసారి నేర్చుకుంటాడు. తనకు తెలిసిన మాటలలో అక్షరాలను గుర్తుపట్టిన బిడ్డ, తరువాత తెలుగు నేర్చుకునేటప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. లిపి చేతిలో ఉంటుంది. కొత్త మాటలు మాత్రమే చేరాలి.

ఈ విద్యా విధానంలో పాఠాలను ఊరి ఋతుచక్రంతో ముడిపెడతారు. వారానికొక అంశం చొప్పున కొండ మీది జీవితమే పాఠమవుతుంది. అటువంటి తరగతిలో ఏడాది ఒక యాత్రలా సాగుతుంది.

ఆషాఢ శ్రావణాలలో వర్షమే పాఠం. దుక్కి, నారు, నాట్లు, గొడుగుల మాటలు పలక మీదికి వస్తాయి. గెడ్డలు పొంగితే అవతలి గట్టు పిల్లలకు బడి దూరమవుతుంది. మన్యపు జ్వరాలు పీడించేదీ ఈ కాలంలోనే. పొంగిన గెడ్డను పెద్దల తోడు లేక దాటరాదనీ, కాచి చల్లార్చిన నీరే తాగాలనీ, దోమతెర కట్టుకోవాలనీ పిల్లలు నేర్చుకునేది పరీక్ష కోసం కాదు, ప్రాణం కోసం. ఆ మాటలు వారికి అర్థమయ్యే భాషలో చెప్పడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

వానలు వెనుకబట్టాక కొండవాలులు వలిసె పూలతో పసుపు వన్నె దాలుస్తాయి. పిల్లలకు ఇది విహార కాలం. ఉపాధ్యాయుని వెంట పొలం గట్ల మీదుగా నడుస్తూ పూలరేకులు లెక్కిస్తారు. తేనెటీగ ఏ పువ్వు మీద వాలిందో చూస్తారు. చోళ్ళు, సామలు, కొర్రలు వేరువేరు కుప్పలుగా పోసి పోల్చి చూస్తారు. సంతకు వెళ్ళి మానికతో కొలవడం, చిల్లర లెక్కించడం తెలుసుకుంటారు. అడ్డాకులను కట్టలు కట్టే తల్లి చేతివేళ్ళలో గణితం ఉందని ఆ బిడ్డకు అప్పుడు తెలుస్తుంది. చింతగింజలతో కూడికలు, తీసివేతలు చేసిన చేతికి అంకెలంటే భయం ఉండదు.

మార్గశిర పుష్యాలలో మన్యపు చలి తీవ్రం. పొద్దెక్కేదాకా మంచు తెర తొలగదు. కాఫీ పండ్లు కోసే కాలమిది. ఇంటిల్లిపాదీ తోటలకు పోతే చిన్నపిల్లలను చూసుకునే బాధ్యత పెద్దపిల్లల మీద పడుతుంది; తరగతిలో ఖాళీలు ఏర్పడతాయి. తోటపనిని తెలివితక్కువ వారి పనిగా చిన్నచూపు చూసే బడికి ఆ పిల్లలు తిరిగి రావడానికి జంకుతారు. తోటలో చూసినది చెప్పమని అడిగే బడికి ఉత్సాహంతో వస్తారు.

చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. పురుషులు వేటకు వెళ్ళే ఆచారం, విత్తనాలను పూజించి ఆ ఏటి సేద్యానికి నాంది పలకడం, థింసా నృత్యం ఈ పండుగ విశేషాలు. కొత్త పండుగ జరిగేదాకా మామిడికాయను ముట్టని నియమం కూడా ఈ సీమలో ఉంది. కాయ ముదిరి టెంక కట్టేదాకా ఆగడమే ఆ నియమంలోని మేలు. పర్యావరణ పాఠానికి ఇంతకు మించిన ఉదాహరణ వాచకంలో దొరకదు. ఈ పాటికి బిడ్డ తన భాషలో చిన్న కథ చదవగలదు. తెలుగులో కుశలం అడగగలదు, పాట పాడగలదు. బడి ముగిసే వేసవికి మొదటి వారధి పూర్తవుతుంది.

పిల్లలు ప్రకృతి ఒడిలో విహరిస్తూ ఎదగడం మన సాహిత్యానికి కొత్త కాదు. పోతన భాగవత దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలకులతో అడవిలో చల్దులు ఆరగించే ఘట్టం తెలుగువారికి సుపరిచితం. ఆ బాలురకు ఆటా, అడవీ, స్నేహమూ వేరువేరు కావు. కొండబిడ్డల బాల్యమూ అటువంటిదే. దానిని బడి గుమ్మం బయట విడిచి రమ్మనడం న్యాయం కాదు.

ఈ ఆలోచనకు తెలుగునాట ఘనమైన పూర్వరంగం ఉంది. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజులలో సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లల కోసం బడులు పెట్టారు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. తెలుగు పిల్లలకు వాడుక తెలుగు కావాలని పోరాడిన చేయే, సవర బిడ్డకు సవర పుస్తకం అందించింది. రెండింటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే: తెలిసిన మాట ద్వారానే తెలియని విద్య అందుతుంది.

చట్టాలూ ఈ మాటనే బలపరిచాయి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను కల్పించాలని నిర్దేశించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 2020 నాటి జాతీయ విద్యావిధానం ఇదే చెప్పాయి. అయితే శాసనం పలక పట్టి దిద్దించలేదు. ఆ పనికి బిడ్డ భాష తెలిసిన ఉపాధ్యాయుడు కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో వెలువడిన 3వ నంబరు ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఉపాధ్యాయుడు ఏ ప్రాంతం వాడైనా కావచ్చు. బిడ్డ మాట నేర్చుకోవలసిన అవసరం నాటికంటే నేడు పెరిగింది.

మన్యంలో అనేకమంది పిల్లలు మూడో తరగతి నుంచి ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలలకు వెళతారు. అప్పటికి వారి వయసు ఎనిమిదేళ్ళు. ఊరిబడిలో గడిపిన తొలి సంవత్సరాలే వారికి దారిబత్తెం. ఆ బత్తెంలో ఆత్మవిశ్వాసం ఉంటే తెలుగు, ఆంగ్లం, గణితం అన్నీ క్రమంగా వస్తాయి. భయం ఉంటే అక్షరం వచ్చినా చదువు నిలవదు. హుకుంపేట కొండబడిలో తన భాషలో మొదటి ప్రశ్నకు జవాబు చెప్పిన బిడ్డ, రేపు తెలుగులో తానే ప్రశ్న అడుగుతుంది. చదువుకు అసలైన ఆరంభం అదే.