నడుము, మోకాళ్లు, భుజాల నొప్పులు: రైతులకు ఫిజియోథెరపీ ఎలా ఉపయోగపడుతుంది?

రైతు వేదికలో సమావేశం ముగిసి అందరూ లేచేటప్పుడు ఒకసారి గమనించండి. యాభై దాటిన వాళ్లలో చాలామంది మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఆగి లేస్తారు. మందు ఎకరానికి ఎంత కొట్టాలని అడిగే రైతు, ఆ డబ్బా మోసే భుజం గురించి మాత్రం అడగడు. అడగాల్సింది మా శాఖను కాదనుకుంటాడు కాబోలు. నేను వైద్యుణ్ణి కాను, వ్యవసాయ విస్తరణ అధికారిని. కానీ ఏ పని ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుందో ముప్పై ఏళ్లుగా పొలాల్లో చూస్తున్నాను. ఈ నొప్పుల్లో చాలావాటికి రోజూ గోలీ మింగాల్సిన అవసరం లేదు, ఆపరేషనూ అక్కర్లేదు. ఫిజియోథెరపీతో తగ్గించుకోవచ్చు. అయితే అది అసలు ఏమిటో, ఎలా చేస్తే పనిచేస్తుందో తెలియక చాలామంది మధ్యలోనే వదిలేస్తున్నారు.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది?

గడ్డపారను మధ్యలో పట్టుకుంటే తేలిగ్గా లేస్తుంది. అదే గడ్డపారను ఒక కొసన పట్టుకుని ఎత్తి చూడండి, మణికట్టు తిరిగిపోతుంది. మనం నడుము వంచి పనిచేసేటప్పుడు వెన్నుకు జరిగేది ఇదే. తల, ఛాతీ, చేతులు కలిపి ఒంటి బరువులో సగానికి పైగా ఉంటుంది. అదంతా ముందుకు వేలాడుతుంటే, వెనక నుంచి లాగి పట్టేవి నడుము దగ్గరి కండరాలు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ 1960లలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిటారుగా నిలబడినప్పటికంటే ముందుకు వంగినప్పుడు అది దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. చేతుల్లో బరువుంటే రెండు రెట్లు దాటింది.

ఇప్పుడు మన పనులు లెక్క వేసుకోండి. ఉప్పల్ దాటాక మూసీ వెంట ప్రతాపసింగారం, కొర్రేముల వైపు పశుగ్రాసం సాగు చేసేవాళ్లు తెల్లవారుజామునే వంగి కొడవలి పడతారు, తర్వాత తడి గడ్డి మోపు నెత్తికెత్తుకుంటారు. నాట్లకు వెళ్లే ఆడవాళ్లు గంటల తరబడి వంగిన నడుము ఎత్తరు. ఆకుకూరల మడిలో కలుపు తీసేవాళ్లు గొంతు కూర్చుంటారు, మోకాలి కీలు పూర్తిగా మడిచి. 16 లీటర్ల స్ప్రేయర్ నిండితే డబ్బాతో కలిపి 20 కిలోల దాకా తూగుతుంది. ఎకరానికి 200 లీటర్ల ద్రావణమంటే పన్నెండు పదమూడు సార్లు ఆ బరువు వీపు మీదికి ఎక్కాలి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని సిఫారసు చేసింది. మన కల్లాల్లో 70, 75 కిలోల ధాన్యం బస్తాలు వీపున వేసుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గోలీ, సూది ఎంతవరకు?

నొప్పి పట్టగానే మందుల షాపుకో, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్తాం. సూది వేస్తారు, సాయంత్రానికి హాయిగా ఉంటుంది, పొద్దున మళ్లీ పనికి వెళ్తాం. నాలుగు రోజులకైతే ఇబ్బంది లేదు. నెలల తరబడి సాగితేనే ప్రమాదం. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు కడుపులో పుండ్లు తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా ఈ గోలీలు వేసుకునేవారికి మూత్రపిండాల ముప్పు ఇంకా ఎక్కువ. బీపీ, సుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పశువులకు డైక్లోఫినాక్ వాడటాన్ని మన దేశంలో 2006లో నిషేధించిన సంగతి పాడి రైతులకు గుర్తుండే ఉంటుంది. ఆ మందు వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై లక్షల సంఖ్యలో చచ్చిపోయాయి. మనిషి శరీరం రాబందంత సున్నితం కాదు, నిజమే. అయినా పక్షి కోసం ఆపిన మందును మనం చీటీ లేకుండా ఏళ్ల తరబడి మింగడం ఏం తెలివి?

పేరు తెలియని చిన్న గోలీల పొట్లం ఇచ్చి 'వెంటనే తగ్గుతుంది' అంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగండి. ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, సుగర్ పెరుగుతుంది.

కాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తొక్కించుకోవడం మన వైపు పాత అలవాటు. హఠాత్తుగా పట్టేసిన నడుము చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. చివరగా తొక్కినవారికి పేరు వస్తుంది, అంతే. డిస్కు నరాన్ని నొక్కుతున్నప్పుడు తొక్కిస్తే మాత్రం ఉన్న నొప్పి ముదిరే వీలుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవయసు వాళ్లకైతే పూస విరగవచ్చు.

ఫిజియోథెరపిస్టు ఏం చేస్తారు?

వీరు నాలుగున్నరేళ్ల డిగ్రీ చదివినవారు. కేంద్రం 2021లో తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో వీరి వృత్తికి గుర్తింపు ఉంది. మసాజ్ సెంటరు వేరు, ఇది వేరు. మొదటి రోజు మంచి ఫిజియోథెరపిస్టు ఎక్కువసేపు ప్రశ్నలే వేస్తారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పనిలో పెరుగుతుంది, రాత్రి నిద్ర లేపుతోందా, తిమ్మిరి ఉందా అని. తర్వాత కీలు ఎంతవరకు మడుస్తున్నారో, ఏ కండరం బలహీనపడిందో చేత్తో పట్టి చూస్తారు. అప్పుడు మీకు తగిన వ్యాయామం చెబుతారు. మీరేమీ అడగకముందే, ఒంటిని చూడకుండానే యంత్రం తగిలించి పదిహేను రోజులు రమ్మంటే ఒకసారి ఆలోచించండి.

యంత్రాల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రైతు డబ్బు పోయేది అక్కడే. 'కరెంటు పెట్టించుకున్నా, నడుము లాగించుకున్నా, అయినా తగ్గలేదు' అని చాలామంది అంటుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. 2020లో ప్రపంచంలో సుమారు 62 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని లెక్క. వ్యాయామం చేయాలని, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పాలని ఆ సంస్థ సూచించింది. నడుము లాగడం, అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టడం, నడుము బెల్టు మామూలుగా వాడాల్సిన అవసరం లేదంది. వేడి కాపడంతో కాసేపు ఉపశమనం దొరికితే మంచిదే, వ్యాయామం చేయడం సులువవుతుంది. కానీ బలం వచ్చేది వ్యాయామంతోనే. దాన్ని మీరు ఇంట్లో, మీ చాప మీద చేయాలి.

ఎంఆర్‌ఐ రిపోర్టు చూసి హడలిపోయేవాళ్లకు ఇంకో మాట. అసలు నొప్పే లేని యాభై ఏళ్లవారిని పరీక్షించినా, నూటికి అరవై మందికి డిస్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. వయసుతో జుట్టు నెరిసినట్టే అదీ. 'డిస్కు జరిగింది, ఇక పొలం పని మానేయాలి' అని ఒక్క కాగితం చూసి తీర్మానించుకోకండి.

పొద్దంతా కష్టపడుతున్నాం, మళ్లీ వ్యాయామమా?

ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. పొలం పనిలో అవే కండరాలు, అదే వైపు, గంటల తరబడి, మన ఇష్టంతో సంబంధం లేకుండా పనిచేస్తాయి. పిరుదుల కండరాలు, తొడ ముందు కండరం, పొట్ట కండరాలు చాలామందిలో బలహీనంగానే మిగిలిపోతాయి. వరికి యూరియా మొత్తం ఒకేసారి చల్లం, మూడు దఫాలుగా వేస్తాం. ఎరువు అదే అయినా మోతాదును బట్టి ఫలితం మారుతుంది. కండరానికి వ్యాయామం కూడా అంతే, కొలిచి ఇచ్చే మోతాదు. వారం వారం కొంచెం పెంచుతారు, మధ్యలో విశ్రాంతి ఇస్తారు.

మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి సాధారణంగా చెప్పే వ్యాయామాలు ఇవి. కాళ్లు చాపి కూర్చుని మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని మోకాలితో కిందికి అదిమి ఐదు అంకెలు లెక్కపెట్టాలి. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలును నిటారుగా జానెడు ఎత్తు లేపి ఆపాలి. అన్నిటికంటే ఉపయోగమైనది, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి నెమ్మదిగా కూర్చోవడం. మొదట కుర్చీ మీద రెండు దుప్పట్లు మడిచి వేసుకుంటే ఎత్తు పెరిగి సులువవుతుంది. వారానికో దుప్పటి తీసేయండి. బడిలో మాస్టారు తీయించిన గుంజీలలో సగం అనుకోండి. పది సార్లు చొప్పున రోజుకు రెండు దఫాలు చాలు. బరువు ఎక్కువున్నవారు ఒక్క కిలో తగ్గినా, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

నడుముకైతే వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులను బిగించి పైకెత్తి దించడం మంచిది. దాంతోపాటు రోజూ నడక. పొలం గట్టు మీద కాదు, చదునైన దారిలో. పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా పెంచాలి. నడుము పట్టినప్పుడు రెండు మూడు రోజులు బరువు పనులు తగ్గించండి, కానీ మంచానికి అంటుకుపోవద్దు. పడుకున్నకొద్దీ కండరం కరుగుతుంది.

భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోతే ముందు సుగర్ పరీక్ష చేయించండి. సుగర్ ఉన్నవారికి ఈ జబ్బు ఎక్కువ. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ ఎక్కుతున్నట్టు చేతిని రోజుకు ఒక అంగుళం పైకి తీసుకెళ్లడం దీనికి సాధారణంగా చెప్పే వ్యాయామం. ఇది నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

చేసేటప్పుడు నొప్పి వస్తే ఆపాలా? నొప్పికి పదికి మార్కులు వేయండి. మూడు నాలుగు దాకా ఫర్వాలేదు. మరునాడు పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. అలా రాకపోతే మోతాదు సగం చేయండి, మానేయకండి. కండరానికి బలం రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నాలుగు రోజులు చేసి 'గుణం లేదు' అనడం, విత్తిన నాలుగో రోజున కంకి వెతకడం లాంటిది. అందుకే నేను పంట క్యాలెండర్ లెక్కన చెబుతాను. జూలైలో నాట్లు పడతాయనుకుంటే మే మొదటి వారంలో వ్యాయామం మొదలుపెట్టండి. యాసంగి కోతలు అయిపోయి కాస్త తీరిక ఉండే సమయం అదే.

పనిలో మార్చుకోగలిగినవి

బస్తాను చేతులు చాచి ఎత్తకుండా మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా తెచ్చుకుని లేపండి. ఎత్తినప్పుడు నడుము తిప్పకండి, పాదాలే తిప్పండి. యూరియా బస్తాను పొలం దగ్గర విప్పి బకెట్లలోకి తీసుకోవచ్చు. స్ప్రేయర్‌ను నేల మీంచి ఎత్తుకోకుండా గట్టు మీదో బండి మీదో పెట్టి తగిలించుకోండి, రెండు పట్టీలూ సమానంగా బిగించండి. నడుము నొప్పి ఉన్నవాళ్లు డబ్బా సగమే నింపుకోవాలి. నడక పెరుగుతుంది, వెన్నుకు మాత్రం సుఖం. వరిలో సాళ్ల మధ్య కోనోవీడర్ తిప్పితే నిలబడే కలుపు తీయొచ్చు. ఆకుకూరల మడిలో గొంతు కూర్చునే బదులు జానెడెత్తు పీట వాడండి. పాలు పితికేటప్పుడు కూడా అదే పీట. అరగంటకోసారి లేచి, రెండు చేతులు నడుముపై పెట్టి ఐదారుసార్లు వెనక్కి వంగండి. కైకిలికి వెళ్లేవాళ్లకు అరగంటకోసారి లేచే స్వేచ్ఛ ఉండదు, నాకు తెలుసు. ఆ స్వేచ్ఛ ఇవ్వాల్సింది పొలం యజమాని. మీ పొలంలో కూలీలుంటే మీరే ఇవ్వండి.

ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించి చీటీ రాయించుకోండి. పెద్ద వైద్యం కావాలంటే సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి, పంజాగుట్ట నిమ్స్ ఉన్నాయి. నిమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాలే ఉంది. మన ప్రాంతంలో చాలా ఇళ్లలో పిల్లలు నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీల్లోనో, పోచారం కంపెనీల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనుల్లోనో ఉన్నారు. వారి జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే, వారిపై ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా నిబంధనల మేరకు వైద్యం దొరుకుతుంది. నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. కార్డులో మీ పేరు ఎక్కించారో లేదో ఈ రోజే అడగండి. ప్రైవేటుకు వెళ్తే రోజూ రావాల్సిన పని లేకుండా వ్యాయామాలు నేర్పించి, రెండు వారాలకోసారి చూడమని అడగండి. బస్సు ఖర్చు, కూలి రెండూ మిగులుతాయి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం వ్యాయామం, ఫిజియోథెరపీ అంటూ ఆగొద్దు. మలమూత్రాలపై పట్టు తప్పడం, తొడల మధ్య, మర్మాంగాల దగ్గర తిమ్మిరి, పాదం లేపలేకపోవడం కనబడితే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఒక్క రోజు ఆలస్యం కూడా జీవితాంతం లోపం మిగల్చవచ్చు. చెట్టు మీంచో ట్రాక్టరు మీంచో పడ్డాక వచ్చిన నొప్పి, జ్వరంతో వచ్చిన నడుము నొప్పి, బరువు తగ్గుతూ రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి, ఎర్రగా వేడెక్కి వాచిన కీలు, వీటికి కూడా ముందు డాక్టరే. పొద్దున లేవగానే చేతి వేళ్ల కీళ్లు గంటకు పైగా బిగుసుకుపోతుంటే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్లవాతం పరీక్షలు చేయించాలి.

వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, సుగర్, బీపీ చీటీలు, ఇప్పటిదాకా వాడిన గోలీల ఖాళీ అట్టలు సంచిలో వేసుకోండి. మోకాళ్ల దాకా మడవగలిగే వదులైన బట్టలు కట్టుకోండి. చెప్పిన వ్యాయామాన్ని అక్కడే వాళ్ల ముందు ఒకసారి చేసి చూపించండి. పక్కనున్న పిల్లలతో ఫోన్‌లో వీడియో తీయించుకుంటే ఇంటికొచ్చాక మర్చిపోరు.