ఆకాశంగా మారిన మేఘం

ఆకాశాన్ని రష్యన్‌లో ‘నెబో’ అంటారు, చెక్‌లో ‘నెబె’, సెర్బియన్‌లో మళ్ళీ ‘నెబో’. ఇవన్నీ మూల స్లావిక్ అనే ఒకే భాష నుంచి వచ్చాయి. ఆ భాషలో శాసనం గానీ గ్రంథం గానీ ఒక్కటీ లేదు. దాని నుంచి పుట్టిన భాషలను పోల్చి పదాలను పునర్నిర్మించారు. అలా తేల్చిన రూపమని తెలిసేలా ముందు నక్షత్రపు గుర్తు పెట్టి *నెబో అని రాస్తారు.

దీని వెనుక ఇంకా పాతదైన ఇండో-యూరోపియన్ మూలభాషలో *నెభొస్ ఉంది. గ్రీకు ‘నెఫోస్’, హిట్టైట్ ‘నెపిస్’, సంస్కృత ‘నభస్’ అన్నీ దాని సంతతే. సంస్కృతం నుంచే మన తెలుగులోకి నభస్సు, నభోమండలం వచ్చాయి. మూలార్థం మాత్రం మేఘం. గ్రీకులో అది మేఘంగానే ఉంది, హిట్టైట్‌లో, స్లావిక్‌లో ఆకాశమైంది. సంస్కృతంలో రెండర్థాలూ ఉన్నాయి. ఇరుగుపొరుగు భాషల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది: లిథువేనియన్‌లో ‘దెబెసిస్’ అంటే మబ్బు, లాత్వియన్‌లో ‘దెబెస్’ అంటే ఆకాశం.

అసలు విశేషం విభక్తుల్లో ఉంది. ప్రథమా ఏకవచనం *నెబో. షష్ఠికి వచ్చేసరికి *నెబెసె, చతుర్థిలో *నెబెసి, బహువచనంలో *నెబెసా. మధ్యలో ఈ ‘ఎస్’ ఎక్కడిది? మూలపదం చివరి సకారమే అది. మూల స్లావిక్‌లో పదాంత హల్లులు రాలిపోయాయి కనుక ప్రథమలో సకారం పోయింది. ప్రత్యయం చేరినచోట అది రెండు అచ్చుల మధ్య పడి నిలిచింది. సంస్కృతంలో ‘నభస్’కు షష్ఠి ‘నభసః’ కావడం ఈ లెక్కను బలపరుస్తుంది. 863లో సిరిల్, మెథోడియస్ సోదరులు మొరావియాకు వెళ్ళాక వేళ్ళూనిన ప్రాచీన చర్చి స్లావిక్ రాతప్రతుల్లోనూ ఈ సకారపు రూపాలు ఉన్నాయి.

తర్వాతి కాలంలో వాడుక ఈ తేడాను చదును చేసింది. రష్యన్ షష్ఠి ఇప్పుడు ‘నెబా’; సకారం ‘నెబెసా’ అనే బహువచనంలోనే మిగిలింది. చక్రానికి పేరైన *కోలోలో దీనికి ఎదురు జరిగింది. బహువచనం ‘కొలెసా’ను బట్టి రష్యన్‌లో ఏకవచనమే ‘కొలెసో’గా మారింది.

నేడు రష్యన్ నేర్చుకునేవారు మినహాయింపుగా బట్టీపట్టే ‘నెబెసా’ ఒకప్పటి నిఖార్సయిన నియమం. సక్రమమైన రూపాలు కొత్తగా సర్దుకున్నవీ కావచ్చు. పొసగని రూపాన్ని ఎవరూ కావాలని కల్పించరు. అందుకే భాషా చరిత్రకు అది అంత నమ్మదగిన సాక్ష్యం.