నకలుతో చిరునామాలు రావెందుకు?

నల్గొండ జిల్లా బోరునీళ్లు అనగానే ఫ్లోరైడు గుర్తుకొస్తుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పడుతుంది, ఎముకలు వంకర పోతాయి.

మర్రిగూడ, దేవరకొండ పిల్లలూ, మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల పిల్లలూ తమ ఊళ్ల బోర్లు పరీక్షించి, ఆ అంకెలన్నీ ఒకే పట్టికలో రాస్తున్నారనుకుందాం. పట్టికను గిట్‌లో ఉంచారు. లినక్స్ రాసేవారి కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన ప్రోగ్రాము ఇది. తహసీలు ఆఫీసులో అసలు దస్తరం ఒకటి, మిగతావి నకళ్లు. గిట్‌లో ఆ తేడా లేదు. ప్రతి నకలులోనూ పట్టికా, అందులో జరిగిన మార్పుల చరిత్రా మొత్తం ఉంటాయి. ఇలా నకలు తీయడమే ‘క్లోన్’ చేయడం.

దేవరకొండ నకలు ఎక్కడుందో మర్రిగూడ కంప్యూటరు రాసిపెట్టుకుంది. ఇలా రాసిపెట్టుకున్న చిరునామాను ‘రిమోట్’ అంటారు. జడ్చర్ల పిల్లలు మర్రిగూడ నుంచి క్లోన్ చేసుకున్నారు. చరిత్ర అంతా వచ్చింది. చిరునామాలో? ఒక్కటే, మర్రిగూడది. ఎక్కడినుంచి తెచ్చుకున్నామో ఆ చోటికి గిట్ ‘ఆరిజిన్’ అని పేరు పెడుతుంది. దేవరకొండ ఊసే లేదు! అక్కడ ఒక బోరుకు చుక్క తప్పి 0.4 అని రాసి, తర్వాత 4.0 అని దిద్దారనుకోండి. ఆ దిద్దుబాటును మర్రిగూడవాళ్లు తెచ్చుకునేదాకా, జడ్చర్ల పట్టికలో ఆ నీళ్లు మంచినీళ్లే!

మరి గిట్ చిరునామాలను కూడా నకలు తీయవచ్చు కదా? కావాలనే తీయదు. అవి ‘కాన్ఫిగ్’ అనే ఫైలులో ఉంటాయి. ఫలానా పని చేసేటప్పుడు ఫలానా ప్రోగ్రామును నడుపు అనే ఆజ్ఞలనూ ఆ ఫైలులోనే రాయవచ్చు. నకలుతోపాటు అదీ వచ్చేస్తే, ఎవరో దుర్మార్గుడు రాసిన ఆజ్ఞ మీకు తెలియకుండానే మీ కంప్యూటరులో నడుస్తుంది.

అయినా దారి లేకపోలేదు. చిరునామాలను మామూలు ఫైలులో రాసి పట్టిక పక్కనే ఉంచితే, అది అందరికీ అందుతుంది. అందుతుందే కాని, దానంతట అది అమలు కాదు. దాన్ని చదవమని ప్రతివారూ తమ కాన్ఫిగ్‌లో ‘ఇన్‌క్లూడ్’ అని ఒకసారి రాసుకోవాలి. 2012 నుంచి గిట్‌లో ఈ వీలుంది.

ఇందులోనూ ఒక చిక్కుంది. రేపు ఆ ఫైలులో ఇంకెవరైనా ఏదైనా చేరిస్తే, మీరు తెచ్చుకున్న మరుక్షణం అదీ అమలవుతుంది. మూసిన తలుపును మళ్లీ తెరిచిపెట్టినట్టే కదా! బాగా తెలిసినవాళ్ల మధ్య తప్ప ఇది మంచిది కాదు. ఫైలు చదువుకుని, కావలసిన చిరునామాను ‘రిమోట్ యాడ్’ అనే ఆజ్ఞతో చేర్చుకోవడమే మేలు. సబ్‌మాడ్యూల్స్ విషయంలో, అంటే ఒక ప్రాజెక్టులో మరోదాన్ని అమర్చినప్పుడు, గిట్ చేసేదీ దాదాపు ఇదే. చిరునామా ఉన్న ఫైలు అందరికీ వస్తుంది. మీరు ‘ఇనిట్’ అంటేనే అది మీ కాన్ఫిగ్‌లోకి ఎక్కుతుంది. తర్వాత ఆ ఫైలులో చిరునామా మారినా, ‘సింక్’ అనేదాకా మీది మారదు.

జడ్చర్ల పిల్లలు దేవరకొండను ఇలా చేర్చుకుని ‘ఫెచ్’ అన్నారా, దిద్దిన 4.0 నేరుగా వాళ్ల కంప్యూటరుకే వస్తుంది. ఇక ‘మెర్జ్’ అని దాన్ని తమ పట్టికలో కలుపుకోవడమే మిగిలింది.