సర్పంచి నుంచి మంత్రి దాకా: ఫరీదుద్దీన్ సాహెబ్ ప్రస్థానం నేర్పే పాఠం

మద్దూరులో ఉంటున్న మాకు ఇల్లు మారకుండానే చిరునామా మారిపోయింది. 2016 అక్టోబరు వరకు మాది వరంగల్ జిల్లా. ఆ నెల 11వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సిద్దిపేట జిల్లావాళ్లమయ్యాం. అంతకు ముందే మరో మార్పు జరిగింది. ఒకప్పుడు మేము ఓటు వేసింది చేర్యాల శాసనసభ నియోజకవర్గంలో. 2009 ఎన్నికల నాటికి ఆ నియోజకవర్గమే లేకుండా పోయింది. చేర్యాల, మద్దూరు మండలాలు జనగామలో కలిశాయి. అందువల్ల నేడు మా కలెక్టరు సిద్దిపేటలో ఉంటారు, మా ఎమ్మెల్యే జనగామ తరఫున గెలుస్తారు, మా ఎంపీ భువనగిరి నుంచి వెళ్తారు. ఒక్క సర్టిఫికెట్టు కోసం ఎవరి దగ్గరికి పోవాలో తెలియక తికమకపడే పెద్దవాళ్లను మేము ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

ఈ మధ్య మా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఆపి ఒక మాట అడిగాడు. "మౌల్సాబ్, మన ఇండ్లు ఊరికి పదో ఇరవయ్యో. మనకు రాజకీయాలెందుకు? హైదరాబాదు పాతబస్తీలోనైతే సరే, ఇక్కడ మనల్ని ఎవరు గెలిపిస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్నకు అక్కడికక్కడే ఏదో ఒక జవాబు చెప్పి పంపించాం. కాని అది మా మనసులోంచి పోలేదు. ఆలోచించగా, వాడికి సరైన జవాబు మన పక్కనే, ఉమ్మడి మెదక్ జిల్లాలో పుట్టి పెరిగిన ఒక నాయకుని జీవితంలో ఉందని మాకు తోచింది. ఆయనే మర్హూం జనాబ్ మహమ్మద్ ఫరీదుద్దీన్ సాహెబ్. మా చేర్యాల నియోజకవర్గాన్ని తుడిచివేసిన ఉత్తర్వే ఆయన దారినీ మూసివేసింది. అందుకే ఆయన కథ మాకు పరాయి కథలా అనిపించదు.

ఊరి ఓటుతో మొదలు

ఫరీదుద్దీన్ సాహెబ్ 1957లో జహీరాబాద్ మండలం హోతి (బి) గ్రామంలో జన్మించారు. జహీరాబాద్ ప్రాంతం కర్ణాటక సరిహద్దున, బీదర్‌కు దగ్గరగా ఉంటుంది. ఎర్ర నేలలు, చెరకు తోటలు అక్కడి గుర్తు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ అక్కడి బజారులో వినబడతాయి. ఆయన రాజకీయ జీవితం ఏ పెద్ద నాయకుని దర్బారులోనో ఆరంభం కాలేదు. సొంత ఊరి సర్పంచిగా మొదలైంది. అన్ని కులాల, అన్ని మతాల ఇరుగుపొరుగువారు కలిసి ఓటు వేస్తేనే ఆ పదవి దక్కుతుంది.

అక్కడి నుంచి కాంగ్రెసు పార్టీలో ఎదిగి 1999లో జహీరాబాద్ శాసనసభ స్థానానికి పోటీ చేసి గెలిచారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా తెలుగుదేశం గాలి వీచింది. అయినా ఆయన కాంగ్రెసు అభ్యర్థిగా నెగ్గడం గమనించదగ్గ విషయం. 2004లో మళ్లీ గెలిచారు. ఈసారి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో మంత్రి అయి, మైనారిటీ సంక్షేమ శాఖను చూశారు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు చదువులోనూ, ఉద్యోగాలలోనూ 4 శాతం రిజర్వేషన్ కల్పించిన 2007 నాటి చట్టం ఆ ప్రభుత్వ కాలంలోనే వచ్చింది. అంతటి పనిని ఏ ఒక్కరి ఖాతాలోనూ వేయలేము. కాని ఆ రోజుల్లో ప్రభుత్వంలో కూర్చున్నవారిలో ఒక పల్లెటూరి మాజీ సర్పంచి కూడా ఉన్నారన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

జహీరాబాద్ పాతబస్తీ కాదు. అక్కడ ముస్లింల ఓట్లు చెప్పుకోదగినన్ని ఉన్నా, ఆ ఓట్లతోనే గెలుపు రాదు. రెండు సార్లూ ఆయనను హిందూ సోదరుల ఓట్లు కూడా శాసనసభకు పంపాయి. "మనల్ని ఎవరు గెలిపిస్తారు" అన్న మా కుర్రవాడి ప్రశ్నకు ఇది సగం జవాబు.

ఒక్క ఉత్తర్వు

మిగతా సగం జవాబు చేదుగా ఉంటుంది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన నియమించిన డీలిమిటేషన్ కమిషన్ 2001 జనాభా లెక్కల ఆధారంగా నియోజకవర్గాల సరిహద్దులను తిరిగి గీసింది. ఆ మార్పులు 2008లో అమలులోకి వచ్చాయి. మన రాష్ట్రంలో 2009 ఎన్నికలు కొత్త సరిహద్దులతో జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 294 స్థానాల్లో షెడ్యూల్డు కులాలకు అంతవరకు 39 ఉండగా, అవి 48కి పెరిగాయి. మెదక్ జిల్లాలో దొమ్మాట, రామాయంపేట పోయి దుబ్బాక, పటాన్‌చెరు వచ్చాయి. గజ్వేల్ రిజర్వుడు స్థానం జనరల్ అయింది. జహీరాబాద్ జనరల్ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది.

దాని ఫలితం చూడండి. గజ్వేల్ నుంచి 2004లో గెలిచిన డాక్టర్ జె. గీతారెడ్డి గారు జహీరాబాద్‌కు వచ్చి 2009లోనూ, 2014లోనూ గెలిచారు. ఫరీదుద్దీన్ సాహెబ్‌కు మాత్రం సొంత ఊరు ఉన్న స్థానంలో నామినేషన్ వేసే అర్హతే లేకుండా పోయింది. ఓడిపోయి కాదు, జనం వద్దని కాదు, ఒక ఉత్తర్వు వల్ల. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. ముస్లింలకు, క్రైస్తవులకు అది వర్తించదు. కనుక రిజర్వుడు స్థానంలో ముస్లిం ఎవరూ నిలబడలేరు.

ఆయన 2009లో హైదరాబాదులోని అంబర్‌పేటకు వెళ్లి పోటీ చేశారు. కొత్త చోటు, కొత్త జనం. అక్కడ బి.జె.పి. అభ్యర్థి జి. కిషన్ రెడ్డి గెలిచారు. ఆ తర్వాత తెలంగాణ ఏర్పడిన 2014లోనే ఆయన తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరారు. 2016లో ఎమ్మెల్యేల కోటాలో శాసనమండలి సభ్యులయ్యారు. 2021 జూన్‌లో పదవీకాలం ముగిసింది. అదే సంవత్సరం డిసెంబరు 29న ఇంతకాలంవెళ్లారు. ఊరి జనం ఓటుతో మొదలైన జీవితం, చివరి ఘట్టంలో జనం నేరుగా ఓటు వేయని సభలో ముగిసింది. మండలి పదవి గౌరవమైనదే. కాని తన ఊరివాళ్లు ఎన్నుకోవడం వేరు, పార్టీ ఎంపిక చేయడం వేరు.

అసూయ పడవలసిన పని లేదు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. జహీరాబాద్ దళిత సోదరులకు దక్కిన స్థానాన్ని చూసి మనం అసూయ పడరాదు. వేల ఏండ్లు ఊరి వెలుపల నిలబెట్టబడినవారికి రాజ్యాంగం ఇచ్చిన హక్కు అది. పైగా అదే ఉత్తర్వుతో గజ్వేల్ దళితులు తమ రిజర్వుడు స్థానాన్ని పోగొట్టుకున్నారు. ఒకచోట వచ్చింది, మరోచోట పోయింది. షెడ్యూల్డు కులాల జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్నచోట, రాష్ట్రంలోని వేర్వేరు భాగాల్లో ఆ స్థానాలు ఉండాలని చట్టం చెబుతుంది.

అయితే ప్రశ్న అడగడం అసూయ కాదు. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తన నివేదికలో ఇదే విషయాన్ని లేవనెత్తింది. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలలో ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని స్థానాలు రిజర్వు అయ్యాయని, దళితుల నిష్పత్తి అంతకన్నా ఎక్కువున్న కొన్ని స్థానాలు జనరల్‌గా మిగిలాయని చూపింది. దళితులకు దక్కవలసిన లెక్క తగ్గకుండానే ఆ స్థానాలు ఎక్కడ ఉండాలో ఇంకా మెరుగ్గా చూడవచ్చు. ఆ మాట మర్యాదగా, లెక్కలతో, సమయానికి చెప్పాలి.

మరో దేశపు పద్ధతి

పదవికి హద్దు పెట్టే పద్ధతులు దేశానికొక రకంగా ఉన్నాయి. ఫిలిప్పీన్స్ దేశంలో మన గ్రామ పంచాయతీ వంటి చిన్న విభాగాన్ని బరాంగే అంటారు. చాలామంది నాయకులు అక్కడి నుంచే మేయరు, గవర్నరు పదవుల దాకా ఎదుగుతారు. 1987 నాటి వారి రాజ్యాంగం ప్రకారం మేయరుకు పదవీకాలం మూడేండ్లు. వరుసగా మూడు సార్లకు మించి ఉండకూడదు. గడువు ముగిసేసరికి చాలా చోట్ల భార్యనో, కొడుకునో, తమ్ముణ్ణో ఆ కుర్చీలో కూర్చోబెట్టడం వారికి అలవాటయింది. అది అక్కడి బలహీనత. కాని ఒక మేలు ఉంది. కుర్చీ ఎప్పుడు దిగాలో నాయకునికీ, జనానికీ ముందే తెలుసు.

మన దగ్గర అటువంటి గడువు లేదు. అదే జహీరాబాద్ నుంచి ఎం. బాగారెడ్డి గారు 1957 మొదలు ఏడు సార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. ఫరీదుద్దీన్ సాహెబ్‌కు రెండు సార్లతోనే సరి. ఒకరిని జనం వరుసగా గెలిపిస్తూ పోయారు. మరొకరి విషయంలో జనాన్ని అడిగే అవకాశమే రాలేదు. తేడా మనిషిలో లేదు, సరిహద్దు గీతలో ఉంది.

మళ్లీ ఆ గీత గీయబోతున్నారు

ఈ పాత సంగతులు ఇప్పుడెందుకని అడగవచ్చు. 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల వరకు నియోజకవర్గాల మార్పులను రాజ్యాంగం నిలిపి ఉంచింది. ఆ గడువు దగ్గర పడింది. తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలో కూడా రాసి ఉంది. అంటే మన మండలాలు ఏ నియోజకవర్గంలో ఉంటాయో, ఏ స్థానం ఎవరికి రిజర్వు అవుతుందో మళ్లీ మొదటి నుంచి తేలవలసి ఉంది.

గతసారి కమిషన్ పనిచేసిన 2002 నాటి చట్టంలో మనబోటి సామాన్యులకు ఒక తలుపు తెరిచి ఉంచారు. కమిషన్ మొదట ముసాయిదాను గెజెట్లో ప్రచురించాలి. అభ్యంతరాలకు ఒక తేదీ ఇవ్వాలి. బహిరంగ విచారణలు జరిపి అభ్యంతరాలను పరిశీలించాలి. ఆ తర్వాతనే తుది ఉత్తర్వు ఇవ్వాలి. తుది ఉత్తర్వు వెలువడ్డాక అది చట్టంతో సమానం. దానిమీద కోర్టుకు వెళ్లే వీలు దాదాపు లేనట్టే. కనుక మాట్లాడవలసింది ముసాయిదా వచ్చిన ఆ కొద్ది వారాలలోనే. తర్వాత ఎంత వాపోయినా లాభం లేదు.

చేర్యాల పోయినప్పుడు మేమేం చేశాం? నిజం చెప్పాలంటే ఏమీ చేయలేదు. ముసాయిదా వచ్చిందని మాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. తుది జాబితా వచ్చాక హోటల్లో చాయ్ తాగుతూ వాపోయాం. పిల్లలకు చదువు చెప్పే మేమే ఆ పత్రం చదవకపోవడం మా తప్పు.

కనుక మూడు పనులు చేసుకుందాం. మొదటిది, ఇంటింటా పద్దెనిమిదేండ్లు నిండిన ప్రతి ఒక్కరి పేరు, కోడళ్ల పేర్లతో సహా, ఓటరు జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. రెండవది, జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న అందరినీ సరిగా రాయించాలి. రేపటి సరిహద్దులకు ఆ లెక్కే పునాది. మూడవది, ముసాయిదా వచ్చిన రోజున ఊళ్లోని చదువుకున్న పిల్లలు దాన్ని చదివి అందరికీ వివరించాలి. మండలం ఎటు పోతే ఊరికి మేలో, దళితవాడ పెద్దలతో, బీసీ పెద్దలతో కలిసి కూర్చుని ఒకే అర్జీ రాయాలి. మనం ఒక్కరమే రాస్తే అది ఒక వర్గం మాట. అందరం కలిసి రాస్తే అది ఊరి మాట.

ఇక మా కుర్రవాడికి జవాబు. బేటా, నీ ఇండ్లు ఇరవయ్యే కావచ్చు, కాని నీ వార్డులో ఇండ్లు ఇంకా ఉన్నాయి. ముందు గ్రామసభకు వెళ్లి కూర్చో. నీటి ట్యాంకు గురించీ, బడి గోడ గురించీ అడుగు. ఫరీదుద్దీన్ సాహెబ్ కూడా ఒక పల్లె పంచాయతీలోనే మొదలుపెట్టారు. ఎంతదాకా వెళ్తావో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. దారిలో ఒక గీత అడ్డం రావచ్చు కూడా. కాని ఆ గీత గీసే రోజున నువ్వు అక్కడ ఉండి మాట్లాడాలి. మేము ఆ రోజు లేము. నువ్వు ఉండు.