షీట్‌లో 72 రోజులు, నిజంగా 13: డేట్ల లెక్కలో ఇది చూసుకోండి

ఇంట్లో కొన్న ప్రతి గ్యాడ్జెట్ బిల్ డేట్ నేను గూగుల్ షీట్‌లో రాసి పెడతాను. 2025 ఫిబ్రవరి 20న మా నాన్న ఫోన్ ఛార్జింగ్ పోర్ట్ లూజ్ అయింది. షీట్ తెరిస్తే ఏడాది వారంటీలో ఇంకా 72 రోజులు ఉందని చూపించింది. ఆఫీసులో రిలీజ్ హడావుడి, తర్వాత చూద్దాంలే అనుకున్నా. మార్చి నెలాఖరులో సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, వారంటీ ఎప్పుడో అయిపోయిందన్నారు. రిపేర్ డబ్బులు మేమే కట్టుకున్నాం.

ఫార్ములా కరెక్టే. షీట్‌కి డేట్ అంటే లోపల ఒక నంబర్, రోజుకి ఒకటి పెరుగుతుంది. 2024 మార్చి 5 అంటే 45356. అందుకే చివరి డేట్ సెల్‌లోంచి మొదటిది తీసేస్తే రోజులు వచ్చేస్తాయి. డేస్ ఫంక్షన్ చేసేదీ అదే, కాకపోతే అందులో ఎండ్ డేట్ ముందు ఇవ్వాలి. మొదటి రోజునీ కలపాలంటే 1 కూడండి.

నేను టైప్ చేసింది 05/03/2024. షీట్ లొకేల్ యునైటెడ్ స్టేట్స్‌లో ఉంది. దానికి అది మే 3, అంటే 45415. సరిగ్గా 59 రోజులు ఎక్కువ! అదే 25/03 అయ్యుంటే, 25వ నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా ఉండిపోయి ఎర్రర్ వచ్చేది, అప్పుడే పట్టుకునేవాణ్ణి. మనల్ని ముంచేవి 12 లోపు తేదీలే.

ఫైల్ మెనూ, సెట్టింగ్స్‌లో లొకేల్‌ని ఇండియా చేయండి. పాత ఎంట్రీలు మాత్రం దీంతో సరికావు, లోపలి నంబర్ మారదు కదా. మళ్లీ టైప్ చేయాల్సిందే. డౌట్ ఉంటే నెల పేరు కనిపించే ఫార్మాట్ పెట్టి చూడండి. నాకు అలా ఇంకో నాలుగు తప్పులు దొరికాయి. వాటిలో ఇయర్‌బడ్స్‌కి మాత్రం ఇంకా 9 రోజులు మిగిలే ఉన్నాయి.