డీప్ ఫ్రీజర్‌లో సన్నని రాగి గొట్టం

"ఫ్రీజర్ వెనక చెయ్యి పెడితే వేడి, లోపల పెడితే మంచు. రెండు చోట్లా తిరిగేది ఒకే గ్యాసా సార్?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. ఒకటే. ఆ ఘనతంతా కంప్రెసర్‌దే అనుకుంటాం. నా ఓటు మాత్రం అసలు కదలనే కదలని క్యాపిలరీకి.

చాలా ఫ్రీజర్లలో వెనకవైపు కింద, కంప్రెసర్ పక్కన, వేలెడంత రాగి గొట్టం కనిపిస్తుంది. మెకానిక్‌లు డ్రయ్యర్ అంటారు. దాని చివరి నుంచి సన్నగా మెలికలు తిరుగుతూ మరో గొట్టం బయల్దేరుతుంది, అదే క్యాపిలరీ. చూసినవాళ్లు తీగ అనుకుంటారు గానీ లోపల బోలు. ఆ బోలు వెడల్పు మిల్లీమీటరు లోపే, పొడవు మాత్రం మీటర్లలో.

ఇప్పటి ఇంటి ఫ్రీజర్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ ఐసోబ్యూటేన్. మామూలు గాలి పీడనంలో అది మైనస్ 11.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మనకది చాలదు. సరుకు మైనస్ 18 దగ్గర నిలవాలంటే గొట్టాలు అంతకంటే చల్లబడాలి. పీడనం తగ్గిస్తే ద్రవం ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది కదా! కంప్రెసర్ ఒకవైపు నుంచి ఆవిరిని పీల్చేస్తుంటుంది. రెండోవైపు నుంచి ద్రవం ఒక్కసారిగా వచ్చిపడకుండా క్యాపిలరీ బిగపడుతుంది. దాంతో లోపలి గొట్టాల్లో పీడనం బయటి గాలికంటే తగ్గిపోతుంది, వెనకవైపు ఆ లోపలి పీడనానికి దాదాపు పది రెట్లు ఉంటుంది. ఇంజెక్షన్‌కు ముందు రాసిన స్పిరిట్ ఆరుతూ చర్మం వేడిని లాగేసినట్టే, మరిగే ఐసోబ్యూటేన్ చేపల్లోని, బఠాణీల్లోని వేడిని లాగేసి, వెనకకు వచ్చి వదిలేసి, మళ్లీ ద్రవమవుతుంది. ఫ్రీజర్‌ను గోడకు ఆనించి పెట్టొద్దనేది ఇందుకే. వేడి పోయే దారి మూస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

1834లో జేకబ్ పెర్కిన్స్ లండన్‌లో పేటెంటు పొందిన ఈథర్ యంత్రంలో ఈ పనికి వాల్వు ఉండేది. వాల్వుకు కదిలే భాగాలుంటాయి, అరుగుతాయి. అదే పనిని గొట్టం సన్నదనానికీ పొడవుకూ అప్పగించడం నాకు ఎంతో ఇష్టమైన ఇంజనీరింగ్. అందులో అరిగి పాడయ్యేది ఏమీ లేదు, తేమ చొరబడితే మాత్రం చిక్కే. లోపలికి పోయిన కాస్త నీరు క్యాపిలరీ కొసన గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆ తేమను పట్టడానికే ముందు డ్రయ్యర్ ఉంది.

క్యాపిలరీకి మూత లేదు. కరెంటు పోయినా అందులోంచి ప్రవాహం ఆగదు. రెండువైపులా పీడనం సమానమయ్యేదాకా సాగుతుంది, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా కరెంటు వస్తే చిన్న మోటారు అంత పీడనానికి ఎదురు తిరగలేక మొరాయిస్తుంది, వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ స్విచ్ టిక్కుమని కరెంటును తెంచేస్తుంది. పదే పదే జరిగితే వైండింగ్ కాలిపోతుంది. స్టెబిలైజర్‌లో టైమ్ డిలే పెట్టింది ముఖ్యంగా ఈ కారణానికే.

గ్యాసుల కథ అందరికీ తెలిసిందే. అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ విషమని సీఎఫ్‌సీలు తెచ్చారు. అవి ఓజోన్‌ను తినేస్తున్నాయని 1974లో శాస్త్రవేత్తలు రోలాండ్, మొలీనా చెప్పారు. వాటికి పగ్గాలు వేయడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. ఐసోబ్యూటేన్ ఓజోన్ జోలికి పోదు గానీ మండుతుంది. ఉండేది గ్రాముల్లోనే అయినా, పేరుకున్న మంచును కత్తితో గీకితే గొట్టానికి చిల్లు పడవచ్చు. ప్లగ్ తీసి, దానంతటదే కరగనివ్వాలి.

కొత్త ఫ్రీజర్ బండి దిగగానే ఆన్ చేయకండి. కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి జారి ఉండొచ్చు. నిలువుగా కొన్ని గంటలు, పడుకోబెట్టి తెస్తే ఒక రోజు ఉంచి, ఖాళీగా చల్లబడనిచ్చి, సరుకును కొంచెం కొంచెంగా సర్దండి. ఎప్పుడైనా మెకానిక్ "గ్యాస్ అయిపోయింది" అంటే మాత్రం గుర్తుంచుకోండి: అది ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ముందు లీకు పట్టి, డ్రయ్యర్ మార్చి, వాక్యూమ్ చేసి, ఆ తర్వాతే గ్యాస్ నింపమనండి.