వల కట్టని సాలీడు

సూరతు నగరమున లింబాయతు వంటి మరమగ్గముల పేటలయందు, తెలంగాణమునుండి వలసవచ్చి స్థిరపడిన మన నేతపనివారు పగలును రాత్రియు దారముతోడనే జీవితము గడుపుచుండగా, వారి యిండ్ల గోడలమీదనే, దారము కలిగియు దానితో వల కట్టని చిన్న వేటకాడొకడు తిరుగుచుండును. చిటికెనవ్రేలి గోటికి మించని నిడుపు, బూడిదవన్నె దేహము, ఎండ తగులు గోడయన్న మక్కువ, ఇవి దాని గుర్తులు. దుముకుడు సాలీడని దానిని మనము పిలుచుకొనవచ్చును.

ఈగ యొకటి దాపున వాలినపుడు ఈ జీవి చేయు పని నిలిచి చూడదగినది. మొదట దేహమంతయు ఆ దిక్కునకు త్రిప్పి, ముందరి పెద్దకన్నులు రెండింటిని ఈగపై నిలుపును. పిమ్మట ఒక్కొక్క అడుగే వేయుచు చేరువై, కడుపు చివరను గోడకు తాకించి సన్నని దారమొకటి అంటించి, అప్పుడుగాని ఎగురదు. గురి తప్పినచో ఆ దారమే దానిని నేల కూలకుండ నిలుపును. మిడుతకు వలె బలిసిన తొడలు దీనికి లేవు. దేహమందలి రక్తపు ఒత్తిడిని ఒక్కసారిగా హెచ్చించి, వెనుకకాళ్లను చాచి ఎగురును. కన్నులు ఎనిమిది. ప్రక్కనున్నవి కదలికను పసిగట్టును. ముందరి రెండును దుర్భిణి గొట్టములవలె పొడవై, పైనున్న కటకము కదలకున్నను లోపలి తెర కండరములచే అటునిటు జరుగుచుండుటచే, రూపమును సూక్ష్మముగా పరిశీలింపగలుగును.

సాలీళ్లలో కెల్ల పెద్ద కుటుంబ మిదియే. ఆరువేలకు మించిన జాతులు ఇందు కలవు. సాలీళ్ల నామకరణము 1757వ సంవత్సరమున స్వీడను దేశీయుడైన కార్ల్ క్లర్క్ గ్రంథముతో ఆరంభము కాగా, బెర్ను నగరమునందలి ప్రపంచ సాలీళ్ల పట్టికలో 2022 ఏప్రిల్‌లో ఏబదివేలవ జాతిగా నమోదైనది దక్షిణ అమెరికాకు చెందిన దుముకుడు సాలీడే.

ఇక గుజరాతు సంగతి. గాంధీనగరమునందలి గీర్ ఫౌండేషనులో పరిశోధన సాగించిన ధ్రువ ప్రజాపతి, కేరళ పరిశోధకులతో కూడి, 2019వ సంవత్సరమున రెండు నూతన జాతులను లోకమునకు తెలియజేసెను. వానిలో ఒకదానికి తనకు ప్రీతిపాత్రుడైన క్రికెటు ఆటగానిపేర మరెంగో సచిన్‌తెందూల్కర్ అనియు, రెండవదానికి కేరళమున విద్యావ్యాప్తికి పాటుపడిన పుణ్యపురుషుడు చావరపేర ఇండోమరెంగో చావరపాటెర్ అనియు నామకరణము జరిగినది. మరెంగో అను ప్రజాతిని 1892లోనే స్థాపించినవారు పెక్కమ్ దంపతులు. దుముకుడు సాలీళ్ల మగవి ఆడవాని యెదుట ఆడు నాట్యములను ఏండ్లతరబడి ఓపికతో గమనించి వ్రాసిన అమెరికా ఉపాధ్యాయులు వారు.

సూరతునకు దక్షిణమున, ఠాణే, కల్యాణ్ ప్రాంతములందు దొరకిన మరియొక జాతికి 2021లో ప్రజాపతియు, ఆయన సహచరులును ఐసియస్ తుకారామి అని పేరిడిరి. 2008 నవంబరు 26 రాత్రి బొంబాయిలో ఉగ్రవాది తుపాకిని వట్టిచేతులతో ఒడిసిపట్టి, తూటాలకు గుండె యొగ్గి, తోటివారికి వానిని సజీవముగా పట్టియిచ్చిన పోలీసు ఉద్యోగి తుకారాం ఓంబ్లే పేరది. క్రికెటు వీరుని పేరువలన ఒక సాలీడు వార్తాపత్రికల కెక్కుట మంచిదేగాని, ఈ తుకారామి పేరు నాకు మరింత ఉచితముగా తోచును.

పేరిడుట తుదిపని, దానికి ముందున్నదే అసలు శ్రమ. ఒక జాతి కొత్తదని చెప్పుటకు రంగు చాలదు, ఛాయాచిత్రము చాలదు. మొగమున కిరువైపుల నుండు పొట్టి అవయవములను పాల్పులందురు. ఎదిగిన మగదాని పాల్పు చివర ఉబ్బి, సంయోగమునకు వినియోగపడును. ఆ భాగమును, ఆడదాని కడుపుక్రింది జననాంగమును సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, చిత్రించి, పూర్వులు వర్ణించిన సమీపజాతులన్నిటితో పోల్చిచూడవలెను. పిల్లదశలో ఈ అవయవములు పూర్తికావు కనుక, ఎంత వింతగా కనబడినను పిల్లనుబట్టి జాతిని నిర్ణయించుట దాదాపు అసాధ్యము. పిదప ఆధారమైన మూలనమూనాను సారాయములో భద్రపరచి, వర్ణనను శాస్త్రపత్రికలో ప్రకటించినగాని ఆ పేరు చెల్లదు.

పేరు పెట్టి మరచిన కథయు మనకు కలదు. అనంతపురము సీమలోని గుత్తియందు దొరకిన నీలివన్నె పెద్దసాలీటిని 1899లో పోకాక్ పండితుడు వర్ణించెను. ఆపై సుమారు నూరేండ్లకు, 2001లో, నంద్యాల గిద్దలూరు నడుమనున్న అడవిలోగాని అది మరల కంటబడలేదు. నేడది వినాశపుటంచున నున్నది.

సూరతునకు ఆగ్నేయమున డాంగు జిల్లా టేకు, వెదురు అడవు లున్నవి, తాపీతీరమున తోటలున్నవి, కిటికీ కావలనే పూలకుండీలున్నవి. విద్యార్థులారా, గృహిణులారా, గోడకు మందు చల్లకముందు ఒక్కమారు దగ్గరగా చూడుడు. కనబడినదానిని చంపక, ఫోనుతో చిత్రము తీసి, చోటును తేదీని గుర్తువ్రాసి, దాపునున్న కళాశాల జంతుశాస్త్ర విభాగమునకు పంపుడు.